లడ్డూ పాట వేరు, ఆటగాళ్ళ పాట వేరు

(జిల్లా స్థాయి కబడ్డీ లీగ్‌లో కొత్తగా జట్లు తీసుకున్నవారి కోసం, ఆటగాళ్ళ వేలానికి వారం ముందు జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక గోడకానుకుని నిలబడ్డ తమ్ముళ్ళూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇవాళ మాట్లాడుకునేది మీ గురించే.

నాకు ఎరువుల కొట్టు. చిన్నప్పుడు బడి వెనక ఇసకలో చెడుగుడు ఆడటమే తప్ప నేను పెద్ద ఆటగాణ్ణి కాదు. నాలుగేళ్ళ కిందట మా బావమరిది, ఇంకో ఇద్దరు స్నేహితులు వచ్చి ‘లీగ్‌లో ఒక జట్టు తీసుకుంటున్నాం, నువ్వూ ఒక వాటా వెయ్యి బావా’ అన్నారు. వేశాను. అప్పటికి రెండు వారాల్లో వేలం. ఆ వేలంలో మేం చేసిన తప్పులకు డబ్బు మాదే పోయింది గానీ, సీజనంతా ఒళ్ళు హూనం చేసుకున్నది మా కుర్రాళ్ళు. మీకు అలా జరగకూడదని, పిలవగానే వచ్చాను.

వేలం మనకు కొత్త కాదు. చేపల చెరువు పాట, కొబ్బరితోట పాట, దేవుడి మాన్యం కౌలు పాట, వీటిలో ఏదో ఒకటి చూడకుండా పెరిగినవాళ్ళు ఈ హాల్లో ఉండరు. ఇక వినాయకచవితి లడ్డూ పాట సంగతి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ శివార్లలో బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. పాడుకున్నాయన ఎక్కువ పెట్టాడని అక్కడ ఎవరూ అనరు. ఎంత ఎక్కువ పాడితే అంత పుణ్యం, అంత పరువు. లడ్డూ ఇంటికి తెచ్చి, నలుగురికీ పంచి, పొలంలో చల్లుకున్నాక ఆ పాటతో పని అయిపోయినట్టే.

మన చెయ్యి ఆ పాటలకు అలవాటు పడిన చెయ్యి. చప్పట్లు వినపడితే ఆగదు. ఆటగాళ్ళ వేలంలో మాత్రం పాట కొట్టేశాకే అసలు పని మొదలవుతుంది. ఒకణ్ణి కొన్నాక ఇంకా పదముగ్గురిని కొనాలి, ఆ మిగిలిన డబ్బులోనే కొనాలి. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ముక్క దగ్గరే ఉంది. జట్టు తయారయ్యేది మొదటి గంటలో కాదండి, చివరి గంటలో. ఆ చివరి గంటకు మీ బల్ల మీద డబ్బుండాలి.

మా మొదటి వేలం ఎలా జరిగిందో చెబుతాను. ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఎనిమిది జట్లు, ఎనిమిది బల్లలు, ఒక్కో బల్ల మీద నంబరు రాసిన అట్ట. ఒక్కో జట్టుకు 6 లక్షలు. 14 మందిని కొనాలి. కనీస ధర 10 వేలు. పేర్లన్నీ చీటీలు రాసి స్టీలు బిందెలో వేశారు. రెండో చీటీకే జిల్లాలో అందరికీ తెలిసిన రైడర్ (కూతకెళ్ళే ఆటగాడు) పేరొచ్చింది. హాలంతా ఈలలు. మేం పాడటం మొదలుపెట్టాం. పక్క బల్ల మీద నాకు వరసకు బాబాయి అయ్యే ఆయన కూర్చున్నారు. ఆయనా పాడారు. లక్షా ఇరవై వేల దగ్గర మా కోచ్ బల్ల కింద నుంచి నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. చాలు సార్ అని. నాకు అర్థమైంది. అర్థమైనా ఆగలేదు. అప్పటికి ఆ పాట రైడర్ కోసం కాదు, బాబాయి ముందు అట్ట దించకూడదని. 2 లక్షల 10 వేలకు మాకు కొట్టేశారు. చప్పట్లు, ఫొటోలు. ఆ ఊపులోనే ఇంకో రైడర్‌ని లక్షా 60 వేలకు, కూతకొచ్చినవాణ్ణి పట్టే ఒక కవర్ ఆటగాణ్ణి 70 వేలకు కొన్నాం. గంట కూడా కాలేదు.

ఇప్పుడు ఈ లెక్క చూడండి, బోర్డు మీద రాస్తాను. ఖర్చయింది 4 లక్షల 40 వేలు. మిగిలింది లక్షా 60 వేలు. ఇంకా కొనాల్సింది 11 మందిని. చూస్తే చేతిలో లక్షా 60 వేలున్నట్టే ఉంటుంది. కానీ లేదు. ఒకణ్ణి కొంటే తర్వాత పదిమందికి కనీసం పదేసి వేలు, అంటే లక్ష, పక్కన పెట్టాల్సిందే. అంటే ఆ ఒక్కడి మీద మేం పెట్టగలిగేది 60 వేలే. ఆ సంగతి మాకు అప్పుడు తెలీదు. వేలం నడిపే ఆయన చెబితే తెలిసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక లెఫ్ట్ కార్నర్ పేరొచ్చింది. మా కోచ్ రెండు వారాలుగా అడుగుతున్న కుర్రాడు. కబడ్డీలో కార్నర్ అంటే ఏంటో మీకు చెప్పనక్కర్లేదు. కూతకొచ్చినవాడి మడమ దొరకబుచ్చుకునేది వాడే. వాడు పట్టు బిగిస్తే గొలుసంతా మీద పడుతుంది. వాడి పట్టు జారితే మిగతా ఆరుగురూ ప్రేక్షకులే. ఆ కుర్రాడి పాట 60 వేల దాకా వచ్చాం. బాబాయి 65 అన్నారు. నేను అట్ట ఎత్తబోతే వేలం నడిపే ఆయన ‘మీకు లేదండీ, మీ పరిమితి అయిపోయింది’ అని మైకులో చెప్పారు. మా కోచ్ నా వైపు చూడలేదు. తన చేతిలో ఉన్న పేర్ల కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సీజన్‌లో ఏడు మ్యాచ్‌లాడి ఒకటి గెలిచాం. మా రైడర్లు ఇద్దరూ బాగానే ఆడారు, వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు కూతకెళ్ళి పది పాయింట్లు తెస్తే, అవతలి జట్టు మా కోర్టులోకొచ్చి పదిహేను పట్టుకెళ్ళేది.

ఇది చిన్న లీగుల సంగతే అనుకోకండి. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. మొదటి వేలంలో అందరికంటే ఎక్కువ పలికింది రాకేశ్ కుమార్, 12 లక్షల 80 వేలు, పట్నా జట్టుకు. మన తెలుగు టైటాన్స్ వాళ్ళు దీపక్ హూడాని 12 లక్షల 60 వేలకు తీసుకున్నారు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి, 2023లో, పవన్ సెహ్రావత్ ధర 2 కోట్ల 60 లక్షల 50 వేలు. తీసుకున్నది మళ్ళీ మన టైటాన్సే. జట్టు మొత్తానికి ఉన్నది 5 కోట్లు. అందులో సగానికి పైగా ఒక్క మనిషికి. పవన్ ఆడలేదా అంటే అద్భుతంగా ఆడాడు, ఆ సీజన్‌లో ముందు వరస రైడర్లలో ఉన్నాడు. కానీ 22 మ్యాచ్‌లలో టైటాన్స్ గెలిచినవి రెండు. అట్టడుగున నిలిచింది. తెలుగువాడిగా ఆ మ్యాచ్‌లు చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది.

దానికి ముందు ఏడాది ఇదే పవన్‌ని తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షల 50 వేలకు కొంది. మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలింది, సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఆ జట్టు పనైపోయిందనుకున్నారందరూ. నరేందర్ అనే కొత్త కుర్రాడు, అదే అతని మొదటి సీజన్, కూత భారం మొత్తం ఎత్తుకున్నాడు. తలైవాస్ అంతకు ముందెప్పుడూ చేరని సెమీఫైనల్‌కి చేరింది. పవన్ ఉన్న జట్టు ఆఖరున, పవన్ లేకుండా ఆడిన జట్టు సెమీస్‌లో. నేను ఈ రెండు సీజన్లనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసార్లు ఆలోచించాను. తేడా పవన్‌లో లేదు. వెనకున్న పదిమందిలో ఉంది.

మామిడితోట పాట తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకిది తొందరగా అర్థమవుతుంది. పూత చూసి తోట పాడుకుంటాం. నలుగురు వ్యాపారులు ఒకే తోట చుట్టూ తిరిగి చూస్తారు. ఒకరికి పది టన్నులు కనపడుతుంది, ఒకరికి పన్నెండు, ఒకరికి పధ్నాలుగు, ఇంకొకరికి ఇరవై. తోట ఎవరికి దక్కుతుంది? ఇరవై కనపడ్డవాడికి. కాపు చూస్తే పధ్నాలుగే ఉంటుంది. పాట గెలిచినవాడు అందరికంటే తెలివైనవాడు కానక్కర్లేదు, అందరికంటే ఎక్కువ ఊహించుకున్నవాడు. అమెరికాలో సముద్రంలో చమురు తవ్వకాల హక్కుల వేలాల గురించి 1971లో ముగ్గురు ఇంజనీర్లు సరిగ్గా ఇదే రాశారు. వేలం గెలిచిన కంపెనీలు అనుకున్నంత లాభం ఎందుకు చూడటం లేదని లెక్కలు తీస్తే, గెలిచినవాడి అంచనాలోనే పొరపాటు ఎక్కువగా ఉండే అవకాశం ఉందని తేలింది. దానికి గెలిచినవాడి శాపం అని పేరు పడింది. మన మామిడి వ్యాపారికి ఆ పేరు తెలీదు గానీ సంగతి తెలుసు. అందుకే పూతలో సగమే లెక్కేసుకుని పాడతాడు. మీరూ ఒక ఆటగాడికి మనసులో లక్ష అనుకుంటే కాగితం మీద 80 వేలు రాసుకోండి. ఆ అంకె వేలానికి ముందురోజు, ఇంట్లో, ఎవరూ ఈల వేయని చోట రాసుకోవాలి. హాల్లోకి వచ్చాక దాన్ని మార్చకూడదు.

(సభలోంచి ఒకరు: పేరున్న ఆటగాడు ఒక్కడైనా లేకపోతే జనం రారు కదండీ?)

నిజమే. పేరున్నవాణ్ణి కొనొద్దని నేను అనడం లేదు. జనం రావాలి, ఫ్లెక్సీ మీద ఒక ముఖం ఉండాలి, చిన్నపిల్లలకు ఒక హీరో కావాలి. ఒకణ్ణి కొనండి. కానీ అతనికి ఎంత పెట్టాలో ముందే తేల్చుకుని కొనండి.

మీరడిగారు కాబట్టి హైదరాబాద్ జట్టు సంగతి చెబుతాను. 2008 ఫిబ్రవరి 20, ముంబై, ఐపీఎల్ మొట్టమొదటి ఆటగాళ్ళ వేలం. ఆ రోజు ఎనిమిది జట్ల యజమానులూ మనలాగే కొత్తవాళ్ళు. ఆటగాళ్ళను వేలంలో కొనడం మన క్రికెట్‌లో అంతకు ముందు లేదు. ఒక్కో జట్టుకు 50 లక్షల డాలర్లు. కొన్ని జట్లకు సొంత ఊరి స్టార్‌ని ఐకాన్ అని ముందే ఇచ్చారు, సచిన్, గంగూలీ, ద్రవిడ్ అలా వెళ్ళారు. ఐకాన్‌కి జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాద్‌కి మన లక్ష్మణ్ ఐకాన్ కావాల్సింది. ఆయన ఆ హోదా వద్దన్నారు, ఆ డబ్బుతో జట్టుకు మంచి ఆటగాళ్ళను కొనండి అని. ఇప్పుడు లెక్క చూడండి. డెక్కన్ ఛార్జర్స్, అదే అప్పటి మన హైదరాబాద్ జట్టు, ఆస్ట్రేలియా ఆటగాడు సైమండ్స్‌ని 13 లక్షల 50 వేల డాలర్లకు కొంది. లక్ష్మణ్ ఐకానై ఉంటే ఆయనకు దానికి 15 శాతం కలిపి, సుమారు 15 లక్షల 50 వేల డాలర్లు ఇవ్వాలి. ఆయన తీసుకున్నది 3 లక్షల 75 వేలు. ఆయన అలా అనకపోయుంటే ఆ వేలంలోనే వచ్చిన రోహిత్ శర్మ, ఆర్పీ సింగ్, గిల్‌క్రిస్ట్ ముగ్గురికీ డబ్బు సరిపోయేదా? నాకైతే అనుమానమే. సైమండ్స్ మధ్యలోనే ఆస్ట్రేలియా జట్టుకు ఆడటానికి వెళ్ళిపోయాడు. మొదటి ఏడాది ఛార్జర్స్ 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి ఆఖరున నిలిచింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది. ఆర్పీ సింగ్ ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ వికెట్లు తీశాడు. ఆ కప్పుకు లక్ష్మణ్ వదులుకున్న డబ్బు కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. 2022 ఐపీఎల్‌లో గుజరాత్ టైటాన్స్ కొత్త జట్టు. బెంగళూరులో రెండు రోజుల వేలం. మొదటి రోజు వేలం నడుపుతున్న హ్యూ ఎడ్మీడ్స్ ఉన్నట్టుండి కుప్పకూలిపోతే, చారు శర్మ వచ్చి అందుకున్నారు. ప్రో కబడ్డీని మొదలుపెట్టినవాళ్ళలో ఆయనా ఒకరు, అందుకే గుర్తుండిపోయింది. ఆ మొదటి రోజు డేవిడ్ మిల్లర్ పేరు చదివితే ఒక్కరూ అట్ట ఎత్తలేదు. సాహా పేరు చదివినా అంతే. గుజరాత్‌కి బ్యాటింగే లేదని ఆ రాత్రి టీవీల్లో తేల్చేశారు. రెండో రోజు, మిగతా బల్లల మీద డబ్బు అడుగంటుతున్న వేళ, గుజరాత్ మిల్లర్‌ని 3 కోట్లకు, సాహాని కోటీ 90 లక్షలకు తీసుకుంది. ఆ ఏడాది రాజస్థాన్‌తో క్వాలిఫయర్, ఈడెన్ గార్డెన్స్, ఆఖరి ఓవర్‌లో 16 పరుగులు కావాలి. మిల్లర్ మొదటి మూడు బంతులూ సిక్సర్లు కొట్టాడు. జట్టు మొదటి ఏడాదే కప్పు గెలిచింది. చివరి గంటకు డబ్బు మిగలాలని నేను ఎందుకు పట్టుబడుతున్నానో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

మా రెండో వేలానికి మేం మార్చింది పెద్దగా ఏమీ లేదు. అట్ట నా చేతిలోంచి తీసేసి కోచ్ చేతికిచ్చాం. ఒక బల్ల దగ్గర అట్ట ఎత్తే చెయ్యి ఒక్కటే ఉండాలి. మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది, తను ఒక పొడవాటి నోట్‌బుక్ తెచ్చుకుంది. ఎనిమిది జట్లకు ఎనిమిది గళ్ళు. ఎవరు ఎంతకు కొంటే వెంటనే నీలం పెన్నుతో తీసివేత. ఆ కింద ఎర్ర పెన్నుతో ఇంకో అంకె, ఆ జట్టు ఇప్పుడు ఒక్కడి మీద ఎంత దాకా పెట్టగలదు అని. ఇందాక బోర్డు మీద వేశానే, అదే లెక్క. మధ్యాహ్నం మూడింటికి ఒక రైట్ కార్నర్ పేరొస్తే తను కోచ్ చెవిలో ఒక్క మాట చెప్పింది, ‘సార్, ఈ రూములో 40 దాటగలిగేది మనమొక్కళ్ళమే.’ 41 వేలకు వచ్చాడు. మొదటి గంటలో వస్తే లక్ష పలికే కుర్రాడు.

తూకం సంగతి మర్చిపోకండి. మన లీగ్‌లో 80 కిలోల పరిమితి ఉంది. మొదటి ఏడాది మేం కొన్న ఒక డిఫెండర్ ఫారం మీద 78 అని ఉంది. అది అంతకు ముందు ఏడాది బరువు. మ్యాచ్ రోజు కాటా మీద 83. ఆ కుర్రాడు రెండు రోజులు నీళ్ళు కూడా సరిగ్గా తాగకుండా, ఎండలో స్వెటర్ వేసుకుని పరిగెత్తాడు. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. మనం ఒక ఫోన్ చేసి అడిగుంటే ఆ పిల్లవాడికి ఆ అవస్థ ఉండేది కాదు. కొనదలుచుకున్న ప్రతి కుర్రాడికీ ముందే ఫోన్ చేయండి. బరువెంత, మోకాలు ఎలా ఉంది, ఆ తేదీల్లో పోలీసు సెలక్షన్లు గానీ పరీక్షలు గానీ ఉన్నాయా, రైల్వేలోనో ఇంకోచోటో ఉద్యోగం చేస్తుంటే సెలవిస్తారా. ధర గురించి మాత్రం మాట్లాడకూడదు, అది తప్పు.

చివరగా ఒక మాట, వెనకనుంచి ముందుకొచ్చి కూర్చున్న ఈ తమ్ముళ్ళ కోసం. వేలంలో చెరువు ఉండదు, తోట ఉండదు, మనిషి ఉంటాడు. పేరు చదువుతారు, హాలు నిశ్శబ్దం, ఒకటోసారి, రెండోసారి, ఎవరూ పాడలేదు, చీటీ పక్కన పడేస్తారు. ఆ పేరున్న కుర్రాడు అదే హాల్లో వెనక నిలబడి ఉంటాడు. ఒక్కోసారి వాళ్ళ నాన్న కూడా పక్కనే ఉంటాడు. మా రెండో వేలంలో అలా మిగిలిపోయిన పేర్లు సాయంత్రం మళ్ళీ చదివారు. మాకు ఒక చోటు, 22 వేలు మిగిలున్నాయి. ఒక లెఫ్ట్ కార్నర్ కుర్రాడి పేరొచ్చింది. కనీస ధరకే వచ్చేవాడు, ఇంకెవరికీ చోటు లేదు. మా కోచ్ నా వైపు చూశాడు, నేను తలూపాను, 22 వేలకు పాడాడు. తన మీద తనే పాట పెంచుకోవడమేంటని పక్క బల్లల వాళ్ళు ఆశ్చర్యపోయారు. ఆ డబ్బు మాకు తిరిగొచ్చేదేం కాదు, మిగిలితే లీగ్ ఖాతాకే పోతుంది. కుర్రాడు హాల్లో లేడు. ఊరెళ్ళే బస్సు కోసం బ్యాగు భుజాన వేసుకుని బయట రోడ్డు మీద నిలబడ్డాడు. మా మేనకోడలు పరిగెత్తుకెళ్ళి పిలుచుకొచ్చింది. ఆ సీజన్ ఏడు మ్యాచ్‌లూ ఆడాడు.

కమిటీ వాళ్ళను నేను రెండు అడిగాను, ఒప్పుకున్నారు. మిగిలిపోయినవాళ్ళ పేర్లు ఈసారి మైకులో ‘అన్‌సోల్డ్’ అని అరవరు, ‘తర్వాతి రౌండుకు’ అని చదువుతారు. ఆటగాళ్ళకు కూర్చోడానికి విడిగా ఒక గది, అందులో భోజనం, నీళ్ళు ఉంటాయి. పాట ఆదివారం పొద్దున పదింటికి. ఆటగాళ్ళ తూకం ఎనిమిదింటికే, ఈ హాలు వరండాలో కాటా పెడతారు. యజమానులు కూడా ఎనిమిదింటికే రండి. వాళ్ళ పేర్లు చీటీల్లో వినకముందే ఒకసారి ముఖాలు చూసి పలకరించండి.